తీతు కాంటెస్సాకు జీపు యాక్సిల్

ఎల్బీనగర్‌ల తీతును ఎరిగినోళ్ళు ఎవరిని అడిగినా ఒకటే చెప్తరు: ఆయన కంటికి ఈ లోకంల ఏ వస్తువూ చాలినంత గట్టిగ కనబడదు. చెంచా కొన్నా సరే, చేతుల పట్టి వంచి చూసి, "మజ్బూత్ ఉన్నదా?" అని అడుగుతడు. వంగితే కొనడు. వంగకపోతే ఇంకా మందంది చూపించమంటడు.

ఒకపారి బట్టలారేసే తాడు తెగింది. మనమైతే ఇంకో తాడు కట్టుకుంటం. తీతు లారీలను గుంజే ఇనుప తాడు తెచ్చి కట్టిండు. తడిబట్టలు వెయ్యంగనే గోడ పెచ్చు ఊడి పెరట్ల పడ్డది. "చూసినవా, తాడుకేం గాలే," అని మురిసిపోయిండు. ఆయన భార్య ఎలీశమ్మ బట్టలన్నీ మళ్ళ ఉతుక్కున్నది.

క్రిస్మస్‌కు డాబా మీద స్టార్ కట్టమంటే, గాలికి పడిపోతదని ఇనుప పైపుకు వెల్డింగ్ పెట్టిచ్చిండు. పండుగ పోయింది గని స్టార్ పోలే. గుడ్ ఫ్రైడే నాడు పాస్టరు గారు వాకిట్ల ఆగి, తలెత్తి చూసి, "ఏం తీతూ, ప్రభువు మళ్ళ పుట్టిండా?" అని అడిగిండు. ఎలీశమ్మకు మొహం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే.

గిసొంటి మనిషికి ఒక పాత కాంటెస్సా కారున్నది. పొడుగు ముక్కు, వెడల్పు నడుము. మన దేశపు కండల బండి, మజిల్ కారు ఇదే అని పిల్లలు పక్కన నిలబడి ఫోటోలు దిగుతరు. దాని పాత ఇంజన్ తీసేసి పెద్దింజన్ పెట్టిచ్చిండు. చైతన్యపురి దాటినంక తన బండిని ఎవడూ దాటిపోవద్దు. ఆయన పౌరుషమంతా అండ్లనే ఉన్నది.

ఇగ అసలు ముచ్చట. తీతు ఇంటి కింది వాటాల కిరాయికుండే శేషారత్నం టీచరమ్మది కోనసీమ దిక్కు. బంగారమసొంటి గొంతు, మనిషి జర భారీ. చర్చిల పాడే జోస్నాకు సంగీతం నేర్పింది ఆమెనే. ఆ జోస్నాకు హయత్‌నగర్‌ల పెండ్లి కుదిరింది. టీచరమ్మ పాడితేనే పెండ్లి పీట మీదికొస్తనన్నది పిల్ల. సరేనని తీతు, ఎలీశమ్మ కలిసి టీచరమ్మను చీర కొననీకి దిల్‌సుఖ్‌నగర్ తోల్కపోయిండ్రు. తిరిగొచ్చేటప్పుడు పచ్చ సిగ్నల్ పడంగనే తీతు అలవాటు కొద్దీ రేసు పెడల్ గట్టిగ తొక్కిండు. వెనక ఫట్టుమన్నది. వెనక చక్రాలను తిప్పే యాక్సిల్ విరిగి బండి నడిరోడ్డు మీద నిలబడ్డది.

"గంత బరువెక్కితే కారేం జేస్తది పాపం," అన్నడు పక్క ఆటో ఆయన. నలుగురు నవ్విండ్రు.

టీచరమ్మ ఇంటికొచ్చి తలుపేసుకున్నది. "పెళ్ళికి నేను రాలేనండీ ఎలీశమ్మ గారూ. దారిలో మళ్ళీ ఇలాగే అయితే ఆ పిల్ల పెళ్ళి కాస్తా నవ్వులపాలవుతుంది," అన్నది. జోస్నా వచ్చి ఏడ్చిపోయింది. ఎలీశమ్మ బతిమాలి బతిమాలి అలసిపోయింది.

తీతు మాత్రం విరిగిన యాక్సిల్ ముక్కను సంచిల ఏసుకొని ఊరి మీద పడ్డడు. చాయ్ హోటల్ల, మంగలి షాపుల, ఎవరు దొరికితే వాళ్ళకు చూపెట్టుడే. "విరిగినకాడ ఎంత తుప్పున్నదో చూడుండ్రి. ఎన్నడో పగిలింది. నేనే చూసుకోలే." ఆదివారం ప్రార్థన కాంగనే పాస్టరు గారి ముంగట గూడ సంచి విప్పిండు. పాస్టరు గారు చెయ్యెత్తిండు. దీవించనీకి ఎత్తిండో, చాలు దాచమని ఎత్తిండో ఎవరికీ తెల్వలే. ఎలీశమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కొని ఆయన ఎవరో తెల్వనట్టు నడిచింది.

కోపం పట్టలేక మెకానిక్ అంతయ్య షెడ్డు దాకా ఎంటపడి పోయింది. అక్కడ ఇంకో పంచాయతి నడుస్తున్నది.

"అన్నా, గీ కారుదే ఇంకో యాక్సిల్ దొరికింది, పెట్టేస్త," అంటున్నడు అంతయ్య.

"పెద్దింజన్‌కు ఆగుతదా?"

"మెల్లగ తోల్తే ఆగుతది."

"మజ్బూత్‌ది చెప్పవయ్యా."

"వ్యాన్‌ది గట్టిగుంటది గని వెడల్పెక్కువ. టైర్లు బయటికొస్తయి. జీపుదైతే జర కోసి వెల్డింగ్ చేస్తే కూసుంటది. ఏనుగెక్కినా వంగదు."

"ఏనుగు మాట ఇంకెక్కడా అనకు," అన్నడు తీతు.

"గని అన్నా, దాని గేరు పండ్ల లెక్క వేరే. లాగుడు పెరుగుతది, పరుగు తగ్గుతది. ఇగ నిన్ను షేర్ ఆటోలు గూడ దాటిపోతయి."

తీతు కాంటెస్సా బానెట్ మీద చెయ్యేసి నిమిరిండు. "పోనీ. జీపుదే పెట్టు."

ఎలీశమ్మ ఆగలే. "టీచరమ్మ తలుపేసుకొని కూసుంటే, నీకు ఇనుము ముచ్చటనా?"

"గిప్పుడు ఇనుముదే ముచ్చట," అన్నడు తీతు.

యాక్సిల్ పెట్టినంక బండిని సీదా గల్లీలకు తెచ్చిండు. చర్చిల పాడే పిల్లలను ఎక్కించిండు. ఒకరి ఒళ్ళె ఇంకొకరిని కూసోబెట్టిండు. డిక్కీల పాస్టరు గారి హార్మోనియం, బియ్యం బస్తాలు ఏసిండు. గల్లీల ఉన్న స్పీడ్ బ్రేకర్లన్నీ ఎక్కిచ్చి దింపిండు. కారు ముసలెద్దు లెక్క కదిలింది గని కిర్రుమనలే. జనం తీతును చూసి పడి పడి నవ్విండ్రు. కిటికీల నుంచి చూస్తున్న టీచరమ్మకు గూడ నవ్వాగలే. ఇన్ని దినాలకు తలుపు తెరిచి బయటికొచ్చింది.

"ఏదీ, ఆ ముక్క నాకూ ఓసారి చూపించండి," అన్నది. తుప్పు మీద వేలు పెట్టి చూసింది. "అయితే నా వల్ల కాదన్నమాట."

"మీ వల్ల ఎట్లైతది టీచరమ్మా? చీర తయారు పెట్టుకోండ్రి."

పెండ్లికి అందరూ కాంటెస్సాలనే పోయిండ్రు. ఆటోలు దాటిపోతుంటే తీతు పొమ్మని చెయ్యూపిండు. చర్చిల టీచరమ్మ పాడుతుంటే చంటిపిల్లలు గూడ కిక్కురుమనలే. పెండ్లికూతురు జోస్నా కండ్లు తుడుచుకుంట నవ్వింది.

భోజనాలకాడ అంతయ్య ఎలీశమ్మ పక్కకొచ్చి మెల్లగ అడిగిండు. "అక్కా, నాకొకటి సమజ్ కాలే. విరిగిననాడు బండి కిందికి దూరింది నేనే. ముక్క వెండి లెక్క మెరుస్తుండె. గంత తుప్పు ఎప్పుడు పట్టింది?"

ఎలీశమ్మ ప్లేటు పట్టుకొనే పోయి మొగన్ని కారు పక్కకు గుంజింది. "ఏందయ్యా గా తుప్పు?"

తీతు అటూ ఇటూ చూసిండు. "ఉప్పునీళ్ళు, జర నిమ్మరసం. డాబా మీద బకెట్ల నానేసిన."

"దేవుని ఎరిగినోనివి, గంత అబద్ధమా?"

"అబద్ధమెట్లైతది? యాక్సిల్ ఇరగ్గొట్టింది నా పెద్దింజన్, నా కాలు. ఇంజన్ గుంజుడు, టార్క్ అంటే గల్లీల ఎవరికి సమజైతది చెప్పు? తుప్పంటే అందరికి సమజైతది."

ఎలీశమ్మకు ఒక్కసారి ఆయన మీద మస్తు ప్రేమ పుట్టుకొచ్చింది. తన ప్లేట్ల డబుల్ కా మీఠా తీసి ఆయన ప్లేట్ల ఏసింది.

అప్పుడే టీచరమ్మ కొంగు సదురుకుంట కారు దిక్కు వచ్చింది. ఆమె ఎనక ఆటో కోసం చూస్తున్న చుట్టాలు నలుగురున్నరు.

"తీతు గారూ, వీళ్ళనీ ఎక్కించుకుందామండీ," అన్నది. "బండి గట్టిదేగా."