గొర్రెకు మూడేళ్లు, యజమానికి పదకొండు రోజులు

మార్చి పద్దెనిమిదో తేదీన శ్రీశైలమ్మను ఉద్యోగం నుంచి తొలగించారు. పన్నెండేళ్ల పనికి ముగింపు పలికిన ఆ లేఖలో ఉన్నవి రెండే వాక్యాలు. నమోదు సాఫ్ట్‌వేర్‌ను ఆమె ఉద్దేశపూర్వకంగా పాడుచేసిందని మొదటిది. కంప్యూటర్‌లో అనుమతి లేని ఆదేశాలు నడిపిందని రెండోది. లేఖకు ముందు నోటీసు లేదు. విచారణ లేదు. ఆమె వివరణ ఎవరూ కోరలేదు. ఆ సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఎక్కడుందో, ఎందుకుందో ఆమె రాతపూర్వకంగా తెలియజేసి అప్పటికి తొమ్మిది రోజులైంది.

పుల్లలచెరువు మండలంలో, అడవి అంచు ఊళ్లకు అందుబాటులో ఒక గొర్రెల నమోదు కేంద్రం ఉంది. దాన్ని నడిపేది ఒక ప్రైవేటు ఏజెన్సీ, కార్యాలయం మార్కాపురంలో. సాఫ్ట్‌వేర్ రాసింది వేరే సంస్థ. ఈ రెండింటికీ, గొర్రెల కాపరులకూ నడుమ కూర్చున్న మనిషి శ్రీశైలమ్మ. గొర్రె చెవి ట్యాగు సంఖ్య, గొర్రె వయసు, యజమాని పేరు, యజమాని పుట్టిన తేదీ ఆమె నమోదు చేస్తేనే ఆ గొర్రెకు టీకా, బీమా.

ఆమెకు నలభై రెండేళ్లు. తండ్రి నరసింహం గొర్రెల కాపరి. మందలో ఏ గొర్రె కూలబడ్డా ఆయన ముందు మందు వెతికేవాడు కాదు. ఆ రోజు మంద నడిచిన దారిలో వెనక్కి నడిచేవాడు. ఏ పొద దగ్గర ఆగింది, ఏ కుంటలో నీళ్లు తాగింది అని చూసుకుంటూ పోయేవాడు. వెంట కూతురు. ఆ కూతురే తరువాత యర్రగొండపాలెంలో ఇంటర్ చదివింది, మార్కాపురంలో టైపు నేర్చుకుంది, కేంద్రంలో డెస్క్‌టాప్ ముందు కూర్చుంది. పాత యంత్రం నెమ్మదించిందని ఏజెన్సీ దానిలో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి పోయింది. నేర్పడానికి మాత్రం ఎవరినీ పంపలేదు. ప్రింటర్ మొరాయించిన రోజున ఆమె లినక్స్‌లోనే ఉండే సహాయ పుటలు తెరిచింది. తెలియని మాటను నిఘంటువులో వెతుక్కుంది, పనిచేసిన ఆదేశాన్ని నోటుపుస్తకంలో రాసుకుంది. అలా నాలుగు పుస్తకాలు నిండాయి.

జనవరిలో సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చింది. ఆ వారం నుంచే, వివరాలు నింపి సేవ్ నొక్కగానే తెర మీది ప్రోగ్రామ్ కిటికీ మొత్తం మాయమయ్యేది. తప్పు సందేశం కూడా కనిపించేది కాదు. అంతవరకూ కొట్టిన వివరాలూ పోయేవి. ఆమె మార్కాపురానికి ఫోను చేసింది. ఏజెన్సీ సూపర్‌వైజర్ నాగేశ్వర్లు ఎత్తినాడు.

"సార్, సాఫ్ట్‌వేర్ ఆగిపోతాంది."

"ఆగిపోతాందంటే? నువ్వేం నొక్కినావు?"

"సేవ్ నొక్కినా సార్."

"సేవ్ నొక్కితే ఆగుతాదా అమ్మా? మిగతా కేంద్రాల్లో ఆగలేదే. నీ చేతిలోనే ఏందో ఉంది."

ఈ మొదటి ఫిర్యాదు బాగాలేదని శ్రీశైలమ్మే ఒప్పుకుంటుంది. "ఆగిపోతోంది" అన్న మాటతో ఎవరూ ఏదీ సరిచేయలేరు. కానీ ఎప్పుడు, ఏ నమోదు దగ్గర అని అడగాల్సిన బాధ్యత ఫోను ఎత్తిన వాడిది. ఆయన అడిగింది ఒక్కటే: తప్పు నీదేనా అని.

అసలు పొరపాటు ఆమె ఆ తరువాత చేసింది. పసిపిల్లల పేర గొర్రెను రాసినప్పుడే ప్రోగ్రామ్ కూలుతోందని ఫిబ్రవరి నాటికి గమనించింది. అక్కడ ఆగి పరీక్షించాల్సింది. దానికి బదులు, పిల్లల పేర్లు రాయకూడదని పైవాళ్లు కొత్త నియమం పెట్టి ఉంటారనుకుంది. కార్యాలయం నోరు విప్పకపోతే దాన్నే ఉత్తర్వుగా తలదాల్చడం ఈ తాలూకాలకు తరతరాలుగా అలవాటు చేసిన జబ్బు. ఆమె పిల్లల గొర్రెలను తాతల పేర, నాయనమ్మల పేర రాయడం మొదలుపెట్టింది. మూడు వారాలు ప్రోగ్రామ్ ఒక్కసారీ కూలలేదు.

నాగేశ్వర్లు ఫోను చేసినాడు. "చూసినావా? జాగ్రత్తగా చేస్తే ఏమీ కాదు. ముందు నువ్వు అజాగ్రత్తగా చేసినావనే కదా అర్థం?" ఆ మాటను దస్త్రంలో కూడా ఎక్కించుకున్నాడు. వరుసలో నిలబడ్డ వాళ్లకు ఇబ్బంది కలగకూడదని ఆమె తప్పును దాటేసి పని నడిపింది. ఆ నడిపిన పనే ఆమెకు వ్యతిరేక సాక్ష్యమైంది.

మార్చి మొదటి వారంలో కోటమ్మ వచ్చింది. కొడుకు కూతురు లక్ష్మీప్రియకు ఆ రోజుకు పదకొండు రోజులు. అక్కడి గొర్రెల కాపరుల ఇళ్లలో పురుడు రోజున మందలోంచి మంచి ఈతగొర్రెను ఏరి బిడ్డ పేర వదులుతారు. దాని పిల్లలు, ఆ పిల్లల పిల్లలు అన్నీ ఆ బిడ్డవే. ఆడపిల్లకు పెళ్లయినా ఆ గొర్రెల మీద హక్కు పోదు. కోటమ్మ ఏరింది ఆరు పండ్ల గొర్రె, అంటే మూడేళ్లది.

"నీ పేరు మీద రాస్తా అత్తా," అంది శ్రీశైలమ్మ. "పసిపిల్లల పేరు ఇది తీసుకోడంల్యా."

"ఎందుకు తీసుకోదు? రాసేది అదా, నువ్వా?"

"ఆగిపోతాంది అత్తా."

"ఆగితే మళ్లీ కొట్టు. నా పేరున రాస్తే రేపు నేను పోయినాక నా ముగ్గురు కొడుకులూ కాళ్లు తలా పంచుకుంటారు. అది పిల్ల సొత్తు. పిల్ల పేరు రాయి. లేదంటే నేను ఈడనే కూర్చుంటా."

కోటమ్మ చెప్పింది చట్టం. పుట్టిన బిడ్డకు ఆస్తి ఉండవచ్చు. నాయనమ్మ పేరున రాయాలనే నిబంధన ఏ చట్టంలోనూ లేదు, ఆ సాఫ్ట్‌వేర్ వాడుక పత్రంలోనూ లేదు. శ్రీశైలమ్మ లక్ష్మీప్రియ పేరే కొట్టింది. సేవ్ నొక్కింది. కిటికీ మాయమైంది.

ఈసారి ఆమె దాటిపోలేదు. నోటుపుస్తకం ముందేసుకుని, అందులో గుర్తుగా రాసుకున్న ప్రతి నమోదునూ, కూలినదైనా ఎక్కినదైనా, వెనక్కి నడుచుకుంటూ పోయింది. పదేళ్ల పిల్లవాడి పేర రాసిన రెండేళ్ల గొర్రె ఎక్కింది. ఏడాది పిల్ల పేర రాసిన నాలుగేళ్ల గొర్రె కూలింది. కనుక నియమం పిల్లల గురించి కాదు. ఇప్పుడు లక్ష్మీప్రియ పేరు అలాగే ఉంచి, గొర్రె వయసు మాత్రం సున్నా అని మార్చి చూసింది. ఎక్కింది. వెంటనే ఆ తప్పుడు నమోదును రద్దుచేసి, తిరిగి మూడేళ్లు అని కొట్టింది. కూలింది.

"యజమాని కంటే గొర్రె ముందు పుడితే ఇది పడిపోతాంది," అంది పైకే.

వరుసలో ఉన్న కాపరి కోటి నవ్వినాడు. "ఏందక్కా, గొర్రె పెద్దదైతే యజమాని దండం పెట్టాల్నా ఏంది?"

"పెట్టరా," అంది కోటమ్మ. "నీకన్నా దానికే బుద్ధి జాస్తి."

ఒక ప్రోగ్రామ్ కూలినప్పుడు, ఆ చివరి క్షణంలో దాని మెమరీలో ఉన్నదంతా లినక్స్ ఒక ఫైలుగా దాచగలదు. దాన్ని కోర్ డంప్ అంటారు. శ్రీశైలమ్మ ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి ఆ ఫైలును తప్పులు వెతికే సాధనమైన డీబగ్గర్‌తో చదివించింది. కూలడానికి ముందు ప్రోగ్రామ్‌లోని ఏ భాగం ఏ భాగాన్ని పిలిచిందో వరుసగా కనిపించింది. అన్నిటికన్నా పైన ఉన్నది యజమాని వయసు లెక్కించే భాగం. అక్కడ తేలిన విలువ మైనస్ ముప్పై ఆరు.

సంగతి తేలిపోయింది. గొర్రె పుట్టిన నాడే యజమాని దాన్ని సొంతం చేసుకున్నాడని ప్రోగ్రామ్ రాసినవాళ్లు అనుకున్నారు. ఆ నాటికి యజమాని వయసు ఎన్ని నెలలో లెక్కించి, ఆ అంకెతో ఒక పట్టికలో వెతుకుతున్నారు. లక్ష్మీప్రియకు ఆ లెక్క సున్నాకు ముప్పై ఆరు నెలలు కింద. లేని గడిలో చెయ్యి పెట్టబోయి ప్రోగ్రామ్ చచ్చింది. బిడ్డ పేర గొర్రెను వదిలే ఇల్లు ఒకటి ఉంటుందని ఆ రాసినవాళ్లలో ఎవరికీ తట్టలేదు. తట్టకపోవడం నేరం కాదు. చెప్పినా వినకపోవడం వేరు.

మార్చి తొమ్మిదిన ఆమె నివేదిక పంపింది, ఏజెన్సీకి ఒకటి, సాఫ్ట్‌వేర్ సంస్థకు ఒకటి. వెర్షన్ సంఖ్య, యంత్రం వివరాలు, తప్పును తిరిగి రప్పించే మెట్లు, జరగాల్సింది, జరిగింది, డీబగ్గర్ చూపిన వరుస. తేడా ఒకటి రెండు నెలలే అయితే ప్రోగ్రామ్ కూలకుండా తప్పుడు వివరం రాసుకుంటోందనీ, అది ఇంకా ప్రమాదమనీ చేర్చింది. తాను మూడు వారాలు పెద్దల పేర్లతో నెట్టుకొచ్చిన సంగతి కూడా దాచలేదు; ఆ గొర్రెల జాబితాను ఏజెన్సీకి పంపిన ప్రతికి జతచేసింది. కోర్ డంప్‌ను మాత్రం పంపలేదు. అందులో కాపరుల పేర్లు, పుట్టిన తేదీలు ఉంటాయి కనుక. చదువుకున్న ఇంజినీర్లే మరిచిపోయే జాగ్రత్త అది.

సంస్థ ముప్పై అయిదేళ్ల ఊహా యజమానిని పెట్టి ఒకసారి పరీక్షించి, "తప్పు తిరిగి కనిపించలేదు" అని ఫిర్యాదును మూసేసింది. ఆమె రాసిన మెట్లలో రెండో మెట్టు కూడా ఎవరూ ఎక్కలేదు. ఏజెన్సీ ఆమె తెరిచిన టెర్మినల్‌ను నేరంగా చూపి ఆ తొలగింపు లేఖ పంపింది.

మార్చి నెలాఖరున శ్రీశైలమ్మ కోటమ్మను వెంటబెట్టుకుని మార్కాపురం కార్యాలయానికి పోయింది. ఆ రోజు శిక్షణ ఇవ్వడానికి సాఫ్ట్‌వేర్ సంస్థ నుంచి మాధవి అనే ఇంజినీరు వచ్చి ఉంది.

"మేడమ్, మీ ల్యాప్‌టాప్‌లోనే చేయండి," అంది శ్రీశైలమ్మ. "నేను ముట్టుకోను. దూరంగా నిలబడతా."

నాగేశ్వర్లు అడ్డం వచ్చినాడు. "తీసేసినాక ఇంకా ఏందమ్మా నీ గోల?"

"గోల నాది, గొర్రె నా మనవరాలిది," అంది కోటమ్మ. "నువ్వు పక్కకు జరుగు నాయనా. ఆ ఇంజినీరు పిల్లను చేసి చూడనీ."

మాధవి నివేదిక చదువుతూ కొట్టింది. కిటికీ మాయమైంది. మళ్లీ కొట్టింది, మళ్లీ మాయమైంది. మూడోసారి తన సొంత పేరూ పుట్టిన తేదీ వేసి, గొర్రెకు నలభై ఏళ్లని రాసింది. అదీ కూలింది.

"తప్పు మాదే," అంది మాధవి. "ఈమె రాసినట్టే ఉంది. ఒక్క అక్షరం తేడా లేదు."

నాగేశ్వర్లు గొంతు తగ్గించినాడు. "ఆ మాట కాయితం మీద మాత్రం పెట్టొద్దమ్మా."

ఏప్రిల్‌లో సవరించిన వెర్షన్ వచ్చింది. లక్ష్మీప్రియ గొర్రె లక్ష్మీప్రియ పేరనే ఎక్కింది. వెర్షన్‌తో వచ్చిన ప్రకటనలో ఒకే ముక్క ఉంది: చిన్న సవరణలు చేశాము. శ్రీశైలమ్మ పేరు లేదు. మార్చి పద్దెనిమిది నాటి లేఖ మాత్రం ఇప్పటికీ అమల్లోనే ఉంది.

శ్రీశైలమ్మ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కురిచేడు నుంచి యర్రగొండపాలెం దాకా ఆపరేటర్లు ఆమెకే ఫోను చేస్తున్నారు. "ఆగిపోతాందక్కా" అనగానే ఆమె అడిగే మొదటి ప్రశ్న: "అంతకు ముందు ఏం చేసినావో వరుసగా చెప్పు."

ఏజెన్సీ యాజమాన్యానికీ, సాఫ్ట్‌వేర్ సంస్థకూ, ఆ ఏజెన్సీని నియమించిన పశుసంవర్ధక శాఖాధికారులకూ ఈ మాట. తప్పు మీ ప్రోగ్రామ్‌దని మీ ఇంజినీరు సాక్షుల ఎదుట ఒప్పుకుంది. ఆ తప్పును దిద్దుకోవడం ద్వారా మీరూ ఒప్పుకున్నారు. తప్పు కనిపెట్టిన మనిషి మీద తప్పు చేసిన ముద్ర ఇంకా ఎందుకుంది? ఆ లేఖను రద్దుచేయండి. ఆమెను అదే కుర్చీలో, పన్నెండేళ్ల సర్వీసు తెగకుండా కూర్చోబెట్టండి. పెద్దల పేర్ల కింద ఇరుక్కుపోయిన ఆ మూడు వారాల పిల్లల గొర్రెలను ఆ పిల్లల పేర్లకు మార్చండి. జాబితా ఆమె ఏజెన్సీకి పంపిన నివేదికకే జతచేసి ఉంది. ఫోనులో చెప్పే క్షమాపణ వద్దు. కాయితం మీద, కారణంతో, తేదీతో, తొలగింపుపై సంతకం చేసిన అధికారి సంతకంతోనే కావాలి.