బాబాయి చేలో బియ్యం

పెదపాడు దగ్గర అందరం వరి మానేసి చేపల, రొయ్యల చెరువులు తవ్వించాం. మా బాబాయి మాత్రం తన ఎకరం తవ్వనివ్వలేదు. పాలు పోసుకున్న గింజ కొరికి, "చుట్టూ ఉప్పునీరు ఊరుతున్నా ఇంకా తియ్యగానే ఉందిరా" అనేవారు.

"మిమ్మల్ని చేతకానివారంటున్నారు బాబాయ్" అన్నానోసారి.

"అననీరా. నా చేలో బియ్యం నేను తింటున్నాను. నువ్వో?"



ఆయన పోయాక ఆ ఎకరం నా చేతికొచ్చింది. చెరువుకని దాన్ని లీజుకి తీసుకున్నవాడు కోతలదాకా ఆగనన్నాడు. పెద్దకర్మ కాకుండానే, పాలు పోసుకున్న చేలోకి పొక్లెయిన్ దింపించాను. పెద్దకర్మ రోజు భోజనాలకి బియ్యం ఏలూరు కొట్లో కొన్నాం.

నల్లజర్ల నుంచి వచ్చిన పెద్దాయన రెండోసారి వడ్డించుకుని, "మీ బాబాయిగారి చేలో బియ్యమేనాండీ?" అన్నారు.

"అవునండీ" అన్నాను.