అక్కయ్యను చేర్చేముందు వంటిల్లు చూశాను

ఆరోజు ద్వాదశి. ముందురోజు ఏకాదశి ఉపవాసం ఉంది కాబట్టి మా అక్కయ్య పొద్దున్నే మడి కట్టుకుని, తన వంట తనే వండుకుని, పారణకి విస్తరి ముందు కూచుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది, నమిలింది, ఆగిపోయింది. గుండెల మీద చెయ్యి వేసుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. రెండో ముద్ద కలిపింది గానీ ఎత్తలేదు. "ఎక్కడో అడ్డం పడ్డట్టుందిరా సూరీ" అని లేచిపోయింది. నా ఎరికలో అక్కయ్య పారణ విస్తరి ముందు నుంచి తినకుండా లేవడం అదే మొదలు.

అక్కయ్య నాకంటే పదహారేళ్ళు పెద్ద. నాకు ఊహ తెలిసేసరికే ఆవిడ భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. రాష్ట్రం ఏర్పడ్డప్పుడు నా ఆఫీసుతో పాటు కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చాం. నాంపల్లి స్టేషను వెనక లింగయ్యగారి మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. అక్కడికి వచ్చిన పదకొండో ఏడు ఇది మొదలైంది. నా భార్య లక్ష్మి బడిలో టీచరు. నాది తనిఖీ నివేదికలకు నకళ్ళు రాసే గుమాస్తా ఉద్యోగం. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, దీనితో పనుంది.

రెండు నెలలు వాయువు అనుకున్నాం. వాము, శొంఠి, సోడా అన్నీ అయ్యాయి. తర్వాత అన్నం మానేసి చారు, చారు మానేసి మజ్జిగ. చీర కుచ్చిళ్ళు రెండు మడతలు ఎక్కువ వస్తున్నాయని లక్ష్మి చెప్పేదాకా నా కళ్ళకు ఆనలేదు. అప్పుడు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. సున్నపు తేటలాంటి బేరియం తాగించి ఎక్స్‌రే తీశారు. "ఫుడ్ పైప్‌లో గ్రోత్ కనిపిస్తోంది, బయాప్సీ చేద్దాం" అన్నాడు డాక్టరు. పది రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది. నన్నొక్కణ్ణే లోపలికి పిలిచి, "ఇది ఆపరేషన్ చేసే స్టేజ్ కాదు. రేడియేషన్ ఇస్తే కొంత రిలీఫ్ రావచ్చు" అన్నాడు. అక్కయ్యకు మాత్రం కడుపులో పుండు అని చెప్పాను. ఆవిడ ఊఁ అంది.

ఇరవై సిటింగులు ఇచ్చారు. మెడ కింద చర్మం కమిలిపోయింది, కానీ నెల తిరిగేసరికి మెత్తటి అన్నం దిగింది. మొజంజాహీ మార్కెట్ నుంచి సపోటాలు తెచ్చి గుజ్జు తీసి ఇస్తే తిని, "తగ్గుతోందిరా" అంది. ఆ రెండు నెలలు మేం మనుషుల్లా తిరిగాం. మళ్ళీ మూసుకుపోయింది. ఈసారి వెన్నులో నొప్పి కూడా వచ్చింది. కడుపులోకి గొట్టం వేస్తామంటే అక్కయ్య చేతులెత్తి దణ్ణం పెట్టి వద్దంది. "అయితే ఇంటికి తీసుకెళ్ళండి. కంఫర్టబుల్‌గా ఉంచండి, అంతే" అన్నాడు డాక్టరు. ఎలా ఉంచాలో నేను అడగలేదు, ఆయన వెనక వరండా నిండా జనం.

ఇంటికి తెచ్చిన వారానికి లింగయ్యగారు మెట్లెక్కి వచ్చారు. మంచి మనిషి. కింద గాజుల దుకాణం ఆయనది. అక్కయ్య ఎలా ఉందో అడిగి, చివరికి అసలు సంగతి ఎత్తారు.

"పంతులుగారూ, ఏమనుకోకున్రి. అక్కయ్యగారు మంచిగుండాలె. గని గిట్ల అనొద్దు, ఏమన్నయితే, నక్షత్రం మంచిది గాకుంటే ఇల్లు పాడువెట్టాలె. ఆర్నెల్లు తలుపులేస్తే దుకాణమేం గావాలె, నా పిల్లలేడికి పోవాలె? జర సోంచాయించున్రి."

ఆయన మీద నాకు కోపం రాలేదు. చెడ్డ నక్షత్రంలో ప్రాణం పోతే ఇల్లు వదిలేసి పోవాలన్నది మా ఊళ్ళోనూ ఉన్నదే. పైగా మేమిద్దరం పనికి పోతే పగలంతా అక్కయ్య దగ్గర ఉండే దిక్కు లేదు. నా సెలవులన్నీ అప్పటికే అయిపోయాయి. ఇంత విన్నాక అక్కయ్యను ఎక్కడ ఉంచాలన్నదే మా ప్రశ్న. బతికించే చోటు కాదు, నొప్పి లేకుండా పోనిచ్చే చోటు. ఆ మాట అప్పుడు ఇంత తెలివిగా అనుకోలేదు లెండి.

ఆదివారం పూట ఫుల్‌స్కేప్ కాగితం మీద మార్జిన్ గీసి ప్రశ్నలు రాసుకున్నాను. మా ఆఫీసు పద్ధతే. ఒకటి, వంట ఎవరు చేస్తారు? రెండు, మడి పాటిస్తారా? మూడు, నీళ్ళు ఎవరు తోడతారు? అలా పదకొండు. అక్కయ్య జన్మలో పరాయి చేతి నీళ్ళు తాగలేదు, నాకు అదే బెంగ. లక్ష్మి కాగితం చూసి, "నొప్పి సంగతి ఇందులో లేదేమండీ?" అంది. "డాక్టరుంటాడుగా" అన్నాను.

కాచిగూడ వైపు ఒక ట్రస్టు వాళ్ళు ముసలివాళ్ళకీ, మంచాన పడ్డవాళ్ళకీ విశ్రాంతి గృహం నడుపుతున్నారని తెలిసింది. ఫలానా రోజు వస్తున్నానని వాళ్ళకు కార్డు రాశాను. తనిఖీకి ముందు ప్రతి ఆఫీసులోనూ సున్నం వేస్తారనీ, పాత ఫైళ్ళు బీరువా వెనక్కి తోస్తారనీ పదిహేనేళ్ళుగా నకళ్ళు రాసినవాణ్ణి. అలాంటివాణ్ణి కార్డు రాసి మరీ వెళ్ళాను. బుద్ధి గడ్డి తిన్నదంటే అదే.

వెళితే ముంగిట్లో ముగ్గు, తులసి కోట. మేనేజరు నన్ను నేరుగా వంటింట్లోకి తీసుకెళ్ళాడు. రాతి గచ్చు తుడిచి అద్దంలా ఉంది. తడిబట్టతో ఉన్న వంటబ్రాహ్మడు ఇత్తడి గుండిగలో పప్పు కలుపుతున్నాడు. నా పదకొండు ప్రశ్నలకూ టిక్కు పడింది. మంచాల గది గుమ్మంలోంచి చూశాను. తెల్ల దుప్పట్లు, ఎవరూ మూలగడం లేదు. సంతోషంగా ఇంటికొచ్చి అక్కయ్యకు గుండిగ సంగతి, మడి సంగతి వర్ణించి చెప్పాను. ఆవిడ నా మొహంలోకే చూస్తూ విని, "సరే, నీకు బాగుంటే సరే" అంది.

చేర్చిన రోజు ఆవిడ పూజ పెట్టెలోంచి చిన్న ఇత్తడి గంట తీసి దిండు పక్కన పెట్టాను. "గొంతు పెగలకపోతే ఇది మోగించు" అన్నాను. విజిటింగ్ అవర్ సాయంత్రం అయిదు నుంచి ఆరు. రోజూ నేనో లక్ష్మో వెళ్ళేవాళ్ళం. అక్కయ్య శాంతంగా, సగం నిద్రలో ఉండేది. "ఎలా ఉంది?" అంటే "బాగానే ఉంది" అనేది. అని కిటికీ వైపు చూసేది. నేనూ కిటికీ వైపు చూసి, గాలి బాగా వస్తోంది అనుకునేవాణ్ణి.

మూడో వారంలో ఒకరోజు ఎవరో పెద్దమనిషి పోయారని ఆఫీసు పదకొండింటికే మూసేశారు. ఆబిడ్స్‌లో లక్ష్మి బడికని చెప్పిన రిబ్బన్లు కొని, ఊరికే ఇంటికెందుకని అటు బస్సెక్కాను. వెళ్ళేసరికి ఒంటిగంట దాటింది. వాకిట్లో ఎవరూ లేరు. చల్లటి ఆ వంటింటి గచ్చు మీదే వంటవాడూ, ఇద్దరు ఆయాలూ గుర్రు పెట్టి నిద్రపోతున్నారు.

అక్కయ్య మంచం పక్కన స్టూలు మీద విస్తరి వేసి ఉంది. అన్నం, పప్పు, నెయ్యి, ఓ పక్క పరవాన్నం. చెంచాడు మజ్జిగ తేట తప్ప మింగలేని మనిషి ముందు! ఈగలు ముసురుతున్నాయి. అక్కయ్య పెదవులు పగిలి నెత్తురు గడ్డకట్టింది. పక్కబట్ట తడిసి ఎప్పుడో ఆరి, మళ్ళీ తడిసింది. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, దిండు అంచు పళ్ళతో పట్టుకుని ఉంది. నన్ను చూసి వదిలింది. గంట ఆవిడకు అందకుండా కిటికీ గూట్లో ఉంది.

మేనేజరును లేపాను. ఆయన కళ్ళు నులుముకుంటూ, "గంట మోగితే మిగతావాళ్ళకి ఇబ్బందండీ. భోజనాలయ్యాక మూడింటి దాకా సిబ్బందికి విశ్రాంతి, అది నిబంధన" అన్నాడు. రిజిస్టరు తెచ్చి చూపించాడు. అక్కయ్య పేరుకు ఎదురుగా ప్రతిరోజూ 'భోజనం ఇవ్వబడినది' అని ఉంది. నా బతుకంతా రాసిన భాష. ఇంజెక్షను పొద్దున నాలుగింటికి ఒకటి, సాయంత్రం నాలుగింటికి ఒకటి. నాలుగింటికి చేస్తే అయిదింటికి మేం వచ్చేసరికి ఆవిడ శాంతంగానే ఉంటుంది మరి. అరవాలనుకున్నాను. ఓపిక లేకపోయింది. రిజిస్టరు మూసి ఆయన చేతికే ఇచ్చి, బట్ట తడిపి అక్కయ్య పెదవులు తుడిచాను.

"ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"వంటవాణ్ణి చూసి అంత మురిసిపోయి వచ్చావు. ఏమని చెప్పనురా" అంది.

మర్నాడు ఆసుపత్రికి పోయి డాక్టరు ముందు నిలబడ్డాను. ఆయన చీటీ మీద ఒక పేరు రాశాడు. రూతమ్మ. రిటైరైన నర్సు, నాంపల్లిలోనే ఒక సందులో నాలుగు మంచాలు వేసి ఇలాంటి వాళ్ళను చూసుకుంటుంది. పేరు చదవగానే నా మనసు మడి దగ్గర ఆగింది. ఇంత జరిగాక కూడా, చూడండి. అయినా ఈసారి కార్డు రాయకుండా మిట్టమధ్యాహ్నం వెళ్ళాను. పెంకుటిల్లు, గోడల మీద సున్నం పెచ్చులూడింది. నేను గుమ్మంలో ఉండగానే లోపల ఎవరో ముసలాయన "అమ్మా" అన్నాడు. ఆయన రెండోసారి అనేలోపే ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ అక్కడుంది. ఆయన్ను పక్కకు తిప్పి, వీపు చూసి, పౌడరు వేసి, అప్పుడు నా దగ్గరకొచ్చింది.

నేను ఫుల్‌స్కేప్ తీసి మొదటి ప్రశ్న అడిగాను.

"ఆమె తింటదా సారూ?" అంది రూతమ్మ.

"లేదు. మజ్జిగ తేట చెంచాతో."

"మరి తినలేని మనిషికి వంటెవరు చేస్తే ఏంది?"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. సాయంత్రం ఆవిడే ట్రస్టు వారి గృహానికి వచ్చింది. నన్ను "మీరు జర బయట కూసోన్రి" అని పంపేసి అక్కయ్య పక్కన కూచుంది. గుమ్మం బయటికి మాటలు వినపడుతున్నాయి.

"పెద్దమ్మా, నొప్పి ఏ యాళకు ఎక్కువైతది?"

"పదింటికి మొదలవుతుంది."

"ఇంకేమన్న తిప్పలున్నదా?"

అక్కయ్య గొంతు తగ్గించి, "మడి పోయిందమ్మా. మూడు వారాలైంది" అంది.

"మడంటే ఏం జేయాల్నో నాకెర్క లేదు. మీరు చెప్పున్రి, నేను చేస్త."

"నాకిది పుండు కాదని తెలుసు. మా సూరికి చెప్పకు, బెంగ పెట్టుకుంటాడు."

"ఔ పెద్దమ్మా, చెప్ప."

నేను బయట గోడకానుకుని ఏడ్చాను. సిగ్గులేదు చెప్పుకోడానికి.

రూతమ్మ ఇంట్లో అక్కయ్య ఇరవై ఆరు రోజులుంది. ఆ డాక్టరే ఆసుపత్రికి పోతూ రోజూ పొద్దున వచ్చేవాడు. ఇంజెక్షన్ ఆరు గంటలకొకటి రాశాడు. నొప్పి వచ్చాక కాదు, రాకముందే చేసేది రూతమ్మ. రెండు గంటలకోసారి పక్కకు తిప్పేది. గ్లిజరిన్ దూదితో నోరు తుడిచేది, అది లక్ష్మికీ నాకూ నేర్పింది. రోజూ పొద్దున అక్కయ్య చీర తడిపి, ఎవరూ తగలని చోట దండెం మీద ఆరేసి, పొడుగాటి వెదురు కర్రతో తీసి, కర్ర కొసనే మంచం మీదికి అందించేది. వంటబ్రాహ్మడున్న చోట పోయిన మడి, ఏసు పటం వేలాడే ఇంట్లో దొరికింది.

అన్నీ సాఫీగా జరగలేదు. వీపు మీద బెడ్‌సోర్ ముందే పడింది, అది మానలేదు. ఒకరోజు ఇంజెక్షన్ మందు ఏ దుకాణంలోనూ దొరకక పొద్దున్నుంచి మూడింటి దాకా అక్కయ్య మూలిగింది. రూతమ్మ మంచం దగ్గర నుంచి కదల్లేదు. మందు కోసం నేను ఆబిడ్స్ అంతా తిరిగి తెచ్చేసరికి ఆవిడ చెయ్యి అక్కయ్య చేతిలో ఉంది. మర్నాటి పొద్దున రూతమ్మ కర్రతో చీర తెస్తే అక్కయ్య తల అడ్డంగా ఊపి, "ఇంక కర్ర చాల్లే. నీ చేత్తోనే కట్టు" అంది.

ఆ తర్వాత నాలుగో రోజు పొద్దున, లక్ష్మి తులసి నీళ్ళు పోస్తుండగా పోయింది. మొహంలో నొప్పి లేదు. ఏం నక్షత్రమో రూతమ్మ అడగలేదు.

ఇప్పటికి ఎనిమిదేళ్ళు. అదే మేడ మీద అవే రెండు గదుల్లో ఉన్నాం. నడుము నొప్పి, కంటి అద్దాలు తప్ప మాకేం లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు మంచాన పడితే ఆఫీసులో వాళ్ళు నన్నే అడుగుతారు, ఎక్కడ చేర్చాలి, ఏం చూడాలి అని. నేను చెప్పేది ఒకటే. కార్డు రాయకండి. భోజనాలయ్యాక, ఒంటిగంటకూ మూడింటికీ మధ్య వెళ్ళండి. వంటిల్లు చూడొద్దు. ఏదో ఒక మంచం పక్కన నిలబడి, ఎవరైనా పిలిస్తే మనిషి ఎంతసేపటికి వస్తుందో చూడండి. దానికోసం ఆఫీసులో అరపూట సెలవు పెట్టండి.

ఆ ఇత్తడి గంట మా ఇంట్లోనే ఉంది. రోజూ పొద్దున లక్ష్మి హారతికి మోగిస్తుంది. ఏం చేస్తున్నా సరే, నేను లేచి నిలబడతాను. మొదట్లో దేవుడి మీద భక్తి కుదిరిందని నన్ను ఆటపట్టించేది. ఇప్పుడు మోగించే ముందు నా వైపు ఒకసారి చూస్తుంది.