మా నాన్న ఇద్దరు కాదు

మా నాన్నకు రెండు పేర్లు. బాప్తిస్మం నాడు చర్చిలో పెట్టినది ఒకటి, బడిలో చేర్చుకుంటూ పంతులు రాసుకున్నది ఒకటి. వరంగల్ చుట్టుపక్కల మా చుట్టాల్లో ఇది వింతేమీ కాదు. ఇంటికొక పేరు, సర్కారుకొక పేరు. ఆయన బతికినంత కాలం ఆ రెండూ పొత్తులోనే ఉన్నాయి. ఆయన పోయాకే వేరుపడ్డాయి.

నాన్న ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. రిటైరు కాకముందే పోయాడు. ఫ్యామిలీ పెన్షన్ కోసం అమ్మ చర్చివాళ్లిచ్చిన పెళ్లి పత్రం పట్టుకుని ఆ ఆఫీసుకు వెళ్లింది. పత్రంలో చర్చి పేరు, సర్వీసు రికార్డులో బడి పేరు. "ఈయన వేరు, ఆయన వేరు. ఆయన భార్యవు నువ్వేనని కోర్టు కాగితం తీసుకురా" అన్నాడట క్లర్కు.

అమ్మ ఇంటికొచ్చి గడపలోనే కూలబడింది.

"గట్లయితే నేనెవలు బిడ్డా? ఇద్దరు మొగుళ్లతోని కాపురం జేసిన్నా ఏంది?"

పెన్షన్ మాట మళ్లీ ఎత్తలేదు. తను నాన్న భార్యేనని ఒకరు ఒప్పుకోవాలి, అంతే.

నేను తెలుగు పంతుల్ని. ఛందస్సు తెలిసినవాడికి చట్టం ఒక లెక్కా అనుకుని నాలుగు పేజీల అర్జీ రాశాను. అందులో సమాసాలున్నాయి, సాక్ష్యాలు లేవు. కోర్టు ఆవరణలోని న్యాయసేవల ఆఫీసులో ఉచితంగా వకీలునిస్తారని ఎవరో చెప్తే నేనే వెనకాడాను. ఊరికే వచ్చే వకీలు ఊరికే ఉంటాడేమోనని నా భయం.

అమ్మ వినలేదు. "సర్కారు దవాఖాన్లనే నువ్వు పుట్టినవ్. పైస దీస్కోకుంటనే నిన్ను నా చేతుల వెట్టిండ్రు. ఏమైంది? మంచిగనే ఉన్నవ్ గద, జర మాటలెక్కువ గాని!"

అక్కడ ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేదు. ఒక దరఖాస్తు, ఒక ఆధార్ జిరాక్సు ఇచ్చాం. కొద్ది రోజుల్లోనే ఒక వకీలమ్మను కేటాయించారు. మా చెల్లెలి వయసుంటుంది. నా నాలుగు పేజీలూ ఓపిగ్గా చదివి, "సార్, భాష మస్తుగుంది. ఇందుల అసలు విషయం ఏ పేజీల ఉంది?" అని అడిగింది.

రెండు పేర్లూ ఒకే మనిషివని చెప్పేవాళ్లు కావాలంది. చర్చివాళ్లకు ఒక పేరే తెలుసు, ఆఫీసువాళ్లకు రెండోదే తెలుసు. నేను తల పట్టుకున్నాను. అమ్మ ఆటో పట్టుకుంది. సుబేదారిలో ఉండే నాన్న తోటి అటెండరునూ, చర్చి పెద్దనూ వకీలమ్మ ముందుకు తెచ్చి, నాన్న ఫోటో టేబుల్ మీద పెట్టింది.

"చెప్పుండ్రి, ఈయినె ఎవలు?"

ఇద్దరూ ఒకేసారి చెప్పారు, చెరో పేరు.

"ఏందే పెద్దమనిషీ! ముప్పయేండ్లు నా పక్కన కూసున్నోన్ని గట్ల పిలుస్తవేంది?" అన్నాడు అటెండరు.

"నువ్వే పేరు మార్చి పిలుస్తానవ్! ఆయిన పెండ్లిల పాట పాడింది నేను," అన్నాడు చర్చి పెద్ద.

"కొట్లాడకుండ్రి. వకీలమ్మా, వీళ్లన్నది అన్నట్టే రాయి బిడ్డా," అంది అమ్మ.

వకీలమ్మ నవ్వాపుకుంటూ ఇద్దరి మాటలూ అఫిడవిట్లకు ఎక్కించింది.

విచారణ రోజున జడ్జి గారు మెల్లగా అడిగారు: "అమ్మా, మీ భర్త పేరు చెప్పండి."

అమ్మ నోరు మెదపలేదు. మా వైపు ఆ తరం ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. నాన్నను ఆమె "మీ నాయిన" అనడమే తప్ప ఏ పేరుతోనూ పిలవగా నేను వినలేదు. ఈ సంగతి వకీలమ్మకు ముందే చెప్పాల్సింది నేను. నాకున్న తెలివంతా అర్జీకే ఖర్చయిపోయింది.

"నేను చెప్తాను సార్," అంటూ లేచాను.

అమ్మ వెనక్కి తిరిగి నా చెయ్యి పట్టి కిందికి గుంజింది. "నువ్వు కూసో. పెండ్లి నాది."

కొంగు సవరించుకుంది. తర్వాత రెండు పేర్లూ ఒకే ఊపిరిలో, కోర్టు హాలు చివరిదాకా వినబడేలా పలికింది.

"రెండూ ఆయినయే సారూ. ఆయినె నా పెనిమిటి."

ఆమె వెనకే బెంచీలో ఉన్న నేను, ఎందుకో తెలియదు, నిటారుగా కూర్చున్నాను.

ఉత్తర్వు చేతికొచ్చాక ఇంట్లో చదివి వినిపించాను. ఆ ఇద్దరూ ఒకరేనని, ఆ ఒకరి భార్య ఈమేనని ఉంది.

"మల్లొక్కసారి సదువు," అంది. "వాకిట్ల నిలవడి సదువు, పక్కింటోళ్లకు గూడ ఇనవడాలె."

పదేళ్లుగా పద్యాలు చెప్తున్న గొంతు. వాకిట్లో నిలబడి, ఉన్న బలమంతా పెట్టి చదివాను.