లచ్చిరాం పిలిస్తే

ఎవరికైనా శాలువా కప్పుతామంటే ఇప్పటికీ నాకు గుండె గుబేలుమంటుంది. నవ్వేవాళ్లు నవ్వండి. రెండువేల పదిలో మా మున్సిపాలిటీ ఒకాయనకు శాలువా కప్పింది. ఆ కప్పడం చూశాను, ఆ తర్వాత జరిగిందీ చూశాను. మాది జనగామకూ మానుకోటకూ, అంటే మహబూబాబాద్‌కూ, నడుమ చిన్న పట్నం. పేరు చెప్పను, తెలిసినవాళ్లకు ఎలాగూ తెలుసు.

ఆయన పేరు లచ్చిరాం. పట్నం అంచున ఉన్న తండాకు నాయక్, అంటే పెద్దమనిషి. ఆ తండాను మున్సిపాలిటీలో కలిపి నా వార్డుకు తగిలించారు. పేరుకు కౌన్సిలర్ని నేనే గానీ పెత్తనమంతా ఆయనది. నల్లా దగ్గర కొట్లాటైనా, ఆలుమగల తగువైనా ఆయన గడపకే పోయేవాళ్లు. నాకూ అదే సుఖంగా ఉండేది. ఎండకు కమిలిపోయిన బక్క మనిషి, నెత్తిన ఎర్ర రుమాలు. కలెక్టర్‌నైనా కూలివాణ్ణైనా ‘నువ్వు’ అనే పిలిచేవాడు.

పడుచుతనంలో నెల్లికుదురు దిక్కు బావులు తవ్వే కూలికి పోయాడట. ఒకనాడు బావి గడ్డ విరిగి పడి వెంట తీసుకుపోయిన తమ్ముడు మట్టిలోనే పోయాడు. అప్పటినుంచి ఎవరినైనా వెంటబెట్టుకుని పోతే మళ్లీ ఇంట్లో దిగబెట్టేదాకా ఆయనకు ముద్ద దిగేది కాదు. ఈ సంగతి తండాకంతా తెలుసు. అందుకే పోలీసులు ఎవరికోసమైనా వస్తే తండావాళ్లు దాక్కునేవాళ్లు కాదు. లచ్చిరాం ఆ మనిషి గుడిసె ముందు నిలబడి తమ లంబాడీ బాసలో పిలిచేవాడు. లోపలి మనిషి తలుపు తీసి వచ్చేవాడు. లచ్చిరాం స్టేషన్‌దాకా వెంట పోయి, దీపాలు పెట్టే వేళకు జామీను మీద ఇల్లు చేర్చేవాడు. ఎన్నేళ్లుగానో ఇలాగే నడిచింది.

ఆ ఏడు ఎండాకాలం చివర మానుకోట స్టేషన్లో రాళ్లు లేచాయి, తూటాలు పేలాయి. తెలంగాణ కోసం ఆ రోజు అక్కడికి పోయినవాళ్లలో మా తండా ప్రేమ్‌సింగ్ ఒకడు. డిగ్రీ చదువుతున్నాడు. తండ్రి లేడు, తల్లి మంగ్లీకి ఒక్కడే కొడుకు. ఇక కేసులు మొదలయ్యాయి. తీసుకుపోయినవాళ్లను ఎక్కడ పెట్టారో ఇంటివాళ్లకు తెలియని కాలం. ప్రేమ్‌సింగ్ పేరు కూడా కేసులో ఉందని నా చెవిన పడి, లచ్చిరాంతో చెప్పాను.

“ఈపాలి నేను పిలువ పటేలా,” అన్నాడు. “ఎన్కకు తోలుకొస్తనన్న ధైర్నం ఉంటెనే పిలిచిన ఇన్నొద్దులు. గిప్పుడు గా ధైర్నం లేదు.”

జూలైలో కౌన్సిల్ సమావేశం జరిగింది. బయట బందులు, రైల్‌రోకోలు. లోపల మేము ఎప్పటిలాగే మోరీల పూడిక, వీధి బల్బులు, కుక్కల బెడద, నల్లా వేళలు చర్చించాం. చేతులెత్తాం, దించాం, మిర్చీబజ్జీలు తిన్నాం. చివరి అంశం వార్డు పెద్దలకు సన్మానం. ఆ రోజులు అలాంటివి గనుక బందోబస్తుకు వచ్చిన సీఐనే వేదిక మీద అతిథిగా కూర్చోబెట్టారు.

మెట్ల దగ్గర లచ్చిరాం నా చెయ్యి పట్టుకున్నాడు.

“నాకు గీ శాలువ ఎందుకు పటేలా? మేక మెడల పూలదండ ఎప్పుడేస్తరో నీకెరుక లేదా?”

“అన్నిటికీ అనుమానమేనా నీకు. రా,” అని లోపలికి తీసుకుపోయాను.

మా చైర్మన్ బాలనర్సయ్య చెడ్డవాడు కాదు. మైకు దొరికితే మాత్రం నోరు ఆగదు. “లచ్చిరాం నాయక్ అంటే ఏమనుకున్నరు? ఆయన పిలిస్తే తండాల తెరుచుకోని తలుపు లేదు. ఎంత మొండోడైనా లేచి బయటికి రావాల్సిందే,” అన్నాడు పొగడ్తగా. అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న సీఐ తల ఎత్తాడు. చప్పట్లు కొట్టాడు. శాలువా కప్పేటప్పుడు ఒక కొస తానే పట్టుకున్నాడు. లచ్చిరాం నేల చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే నాకు కబురు వచ్చింది. పోయేసరికి తుంపర పడుతోంది. మంగ్లీ గుడిసె ముందు రెండు జీపులు. లచ్చిరాం పక్కన సీఐ నిలబడి ఉన్నాడు. తండా మొత్తం లేచి దూరంగా నిలబడింది.

“పిలువు,” అన్నాడు సీఐ.

“పోరడు ఇంట్ల ఉన్నడో లేడో నాకు తెల్వది.”

“పిలిస్తే తెలుస్తుంది. నిన్న మీ చైర్మనే చెప్పాడుగా.”

“నేను పిలువ.”

“అయితే తలుపు పగలగొట్టి లోపలికి వెళ్తాం. లోపల ఆడమనిషి కూడా ఉంది. తర్వాత నన్ను అనొద్దు.”

నేను ఏదో చెప్పబోతే ఒక కానిస్టేబుల్ భుజం మీద చెయ్యి వేసి వెనక్కి నెట్టాడు. లచ్చిరాం తలుపు వైపు రెండడుగులు వేసి నోరు తెరిచాడు. సీఐ ఆపాడు.

“మీ భాషలో వద్దు. ఏం చెబుతున్నావో నాకు తెలియాలి. తెలుగులో పిలువు.”

ఆ తండాలో ఒకరి గడప ముందు ఇంకొకరు తెలుగు మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. బయటివాళ్లు వచ్చినప్పుడే అక్కడ తెలుగు.

“ప్రేమ్‌సింగ్,” అని గట్టిగా పిలిచాడు. “నేను లచ్చిరాంను. బయటికి రా.”

తలుపు తెరుచుకోలేదు. ఇంకోసారి అదే మాట, అదే తెలుగు. చాలాసేపటికి మంగ్లీ తలుపు తీసింది. చేతులకు జొన్నపిండి ఉంది. “ఇంట్ల ఎవ్వరు లేరు,” అంది. ఆమె కూడా తెలుగులోనే అంది. పోలీసులు లోపలికి దూరారు. వెనక తడిక తొలగించి ఉంది, దాని అవతల మొక్కజొన్న చేలు. పిల్లవాడు కొత్తగూడ అడవి దిక్కు పోయి దక్కాడని మాకు తర్వాత తెలిసింది.

సీఐకి సంగతి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. బాస మార్చమన్నది తానే. ఆ కోపం ఎవరి మీద తీర్చుకోవాలి? లచ్చిరాంను రెక్క పట్టి జీపు ఎక్కించారు. ఎక్కుతూ నా వైపు తిరిగి, “మంగ్లీని జర చూడు పటేలా,” అన్నాడు. అంతే.

ఉన్న మాట చెప్పేస్తాను, లచ్చిరాం చావలేదు. దసరా దాటాక వరంగల్ జైలు నుంచి వచ్చాడు. దెబ్బలకు ఒక చెవి పోయింది. రాష్ట్రం వచ్చింది గానీ ఆ చెవి రాలేదు. మళ్లీ ఎవరి గుడిసె ముందూ నిలబడి పిలవలేదు.

కానీ ఆ రోజు మాకు ఇవేవీ తెలియవు. నేను స్టేషన్‌కు పోయాను. ఆ పేరుగలాయన్ని ఇక్కడికి తీసుకురాలేదన్నాడు సెంట్రీ. పొద్దున నా కళ్లముందే జీపెక్కించారన్నా వినలేదు. చైర్మన్ ఇంటికి పోతే ఆయన తల పట్టుకుని, “నేను మంచే చెప్పిన గదనే,” అని కూర్చున్నాడు. అసలు తండాలో ఎవరికి ఏ ఆపద వచ్చినా స్టేషన్‌కు పోయి మాట్లాడేది లచ్చిరామే. ఇప్పుడు ఆయన కోసం ఎవరు పోవాలో ఎవరికీ తెలియదు.

సాయంత్రం తండాకు తిరిగి వచ్చాను. మంగ్లీ గడపలో కూలబడి ఉంది. నన్ను చూసి, “నా కొడుకు దక్కిండు పటేలా. ఇగ మోతీకి నా మొఖం ఎట్ల చూపియ్యాలె?” అంది. మోతీ లచ్చిరాం భార్య. ఆ మాట అయ్యీ కాకముందే మోతీ వస్తూ కనిపించింది. మంగ్లీ లేవబోయి లేవలేకపోయింది. తిడుతుందనుకున్నాను, తిట్టే హక్కు ఆమెకుంది. మోతీ వచ్చి పక్కన కూర్చుని, తమ బాసలో మెల్లగా ఒక్క మాట అడిగింది. మంగ్లీ భోరుమంది.

ఏమన్నదని పక్కనున్న ముసలామెను అడిగాను.

“పోరడు ఇంత తిని పోయిండా, ఉత్త కడుపుతోనే పోయిండా అని అడిగింది,” అని చెప్పింది.