విశ్రాంతి గది తాళం

ఫిర్యాదుల ఫోన్లు తీసుకునే ఆ ఆఫీసులో మేనేజరుగారి నడుముకి ఎప్పుడూ ఒక తాళాల గుత్తి వేలాడుతుంటుంది. మనసు బాగాలేని ఉద్యోగులు కాసేపు కూర్చోవడానికి కంపెనీ పెట్టించిన విశ్రాంతి గది తాళంచెవి అందులోనే ఉంది. గుత్తి గలగలమంటే చాలు, వరసలో వంగిన వెన్నులన్నీ నిటారుగా లేస్తాయి. ఆ గదిలో సోఫాకి చుట్టిన ప్లాస్టిక్ కవరుని ఆయన ఇంతవరకూ విప్పనివ్వలేదు, మాసిపోతుందట. మొన్న ఎవరో ఫోన్లో బండబూతులు తిట్టి పెట్టేశాక ఒకావిడ తర్వాతి ఫోను ఎత్తలేకపోయింది. "లే అక్కా, వెళ్ళి తాళం అడుగు, ముందు కాస్త ఊపిరి తీసుకో," అని పక్క సీటు అమ్మాయి తోసింది. ఆవిడ వెళ్ళి మెల్లగా అడిగింది. ఆయన మాత్రం హాలంతా వినబడేలా, "ఏమ్మా, బుర్ర చెడిందా? మీ ఆయనతో గొడవా? చెప్పు మరి, పైవాళ్ళకి రాసి పంపాలిగా!" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "అబ్బే, ఏం లేదండీ," అని ఆవిడ సీట్లోకి వచ్చి, హెడ్‌ఫోను తలకి తగిలించుకుని, "నమస్కారమండీ, చెప్పండి," అంటూ మళ్ళీ ఫోన్లో పడింది.

ఆ సాయంత్రమే పై అధికారులు వచ్చారు. మేనేజరుగారు విశ్రాంతి గది తెరిచి, తళతళలాడే సోఫాని చేత్తో నిమిరాడు. "చూశారా సార్, మావాళ్ళవి ఎంత గట్టి మనసులో! గది పెట్టి ఏడాదైంది, ఒక్కరంటే ఒక్కరికి దీని అవసరం రాలేదు."