దుప్పటి కింద ఇడ్లీ పిండి

నిరుడు చలికాలం సెలవులకు మా వియ్యంకుడు పెర్త్ నుంచి క్రాన్‌బర్న్‌లోని మా అమ్మాయి ఇంటికి వచ్చాడు. అంతకుముందు నా ఇడ్లీ రాయిలా ఉందని నలుగురిలో అన్నది ఆయనే. ఈసారి నోరు మూయించాలని, చలికి పొంగని పిండిని గిన్నెతో సహా నా మంచం మీద కరెంటు దుప్పటి కింద పెట్టి స్నానానికి వెళ్ళాను.

వచ్చేసరికి మనవరాలి కేక. "అమ్మమ్మా, తాత సాట్ ఆన్ అవర్ బ్రేక్‌ఫాస్ట్!"

పక్క వెచ్చగా ఉందని మా వియ్యంకుడు నడుం వాల్చబోయాడట. లుంగీ నిండా పిండే. పరువు పోయిందనుకుంటూనే పగలబడి నవ్వాను.

"లేవండి అన్నయ్యగారూ, ఇడ్లీ అయిపోతారు!"

ఆయన లుంగీ మీది పిండిని వేలితో తీసి చూశాడు. "దూదిలా పొంగింది చెల్లెమ్మా, ఒప్పుకున్నా!"

ఆ పూట అందరం బ్రెడ్డే తిన్నాం. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్న నాకు, నలుగురికీ రాసి చెప్పాలనిపించిన మొదటి గెలుపు ఇదే.